సంచిలో పెట్టని నోటుబుక్కు

అరుణ సంచి నేనే సర్దాను. మా ఇంట్లో పద్ధతి అది. ఊరికి పోయేవాళ్లు తమ సంచి తాము సర్దుకోరు. ఇంట్లో ఉండేవాళ్లు సర్ది చేతికి అందిస్తారు. సర్దిన చేతికే మళ్లీ విప్పే పని కూడా ఉంటుందని, అందువల్ల పోయినవాళ్లు తిరిగొస్తారని మా అమ్మ చెప్పేది. తన సంచి తాను సర్దుకున్న మనిషికి ఆ ఇంటితో పని అయిపోయినట్టే అని కూడా చెప్పేది. నా భర్త పాండురంగం ఒకే ఒక్కసారి, నా మీద కోపంతో, తన సంచి తాను సర్దుకొని కర్ణాటకలోని సేడం వైపు పోయాడు. మూడో రోజు శవాన్ని లారీలో తెచ్చి వాకిట్లో దించారు. అది జరిగి ఇరవై రెండేళ్లు. అప్పటి నుంచి గుమ్మం దాటే ఏ సంచినీ నేను ఇంకొకరి చేతికి వదల్లేదు.

ఒక గంధం రంగు నేత చీర, రాత్రికి ఒక పాత చీర, బీపీ గోళీలు, కళ్లజోడు డబ్బా, నాలుగు జొన్నరొట్టెలు, చిన్న సీసాలో పల్లీల పొడి, వికారాబాద్‌లో ఉండే దాని కూతురు సాహిత్య కోసం కిలో కందిపప్పు. అన్నిటికీ అడుగున కాగితాల ఫైలు. దాని పక్కన నా నల్ల అట్ట నోటుబుక్కు.

అరుణ నా చెల్లెలు. నాకంటే మూడేళ్లు చిన్న. హెడ్‌మాస్టరమ్మగా రిటైరైంది, భర్త పోయాక నాలుగేళ్ల కింద బండమీదిపల్లెకు, నా దగ్గరికి వచ్చి ఉంటోంది. మా ఊరు తాండూరు నుంచి కరణ్‌కోటకు పోయే దారిలో ఉంటుంది. చదువు సంగతులు వినడానికి ఎమ్మెల్యేల కమిటీ ఒకటి వికారాబాద్ కలెక్టరేట్‌కు వస్తోందని, మా బడి తరఫున అరుణ మాట్లాడాలని ఊరంతా కలిసి తీర్మానించారు. ఎవరూ నన్నడగలేదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

కమిటీ వచ్చేది మరునాడు, రాత్రికి సాహిత్య ఇంట్లో ఉండేట్టు అరుణ ముందే బయలుదేరుతోంది. అద్దం ముందు నిలబడి గోడ గడియారం చూసుకుంటూ మాటలు అప్పజెప్పుకుంటోంది. ఒక్కొక్కరికి మూడే నిమిషాలు ఇస్తారట.

"గౌరవ శాసనసభ్యులకు నమస్కారం. మా ఊరి ప్రాథమిక పాఠశాల..."

పక్కింటి మొగులమ్మ గడపలో కూర్చొని నోరు తెరుచుకొని వింటోంది. ఆమె మనవరాలు రుచిత మా బడిలోనే నాలుగో తరగతి.

"మేడం నోరు తెరిస్తే మైకు వెట్టినట్టే ఉంటది" అంది మొగులమ్మ. "ఇగ మన బడికి ఢోకా లేదు. నీకేం ఫికరు కౌసల్యక్కా, నీ చెల్లె ఎమ్మెల్యేల ముందట మాట్లాడబట్టె."

"నాకేం ఫికరు" అన్నాను నేను. "రొట్టెలు చేసుడే నా పని."

"గది కూడ పెద్ద పనే గదా!" అని మొగులమ్మ నవ్వింది. ఆమె మాటలో ఏ కల్మషమూ లేదు. అయినా నాకు కడుపులో మంట లేచింది.

ఆ మంట గురించి చెప్పాలి. అది ఆ పొద్దున పుట్టింది కాదు.

మా నాన్నకు మేమిద్దరమే. అరుణకు ఎనిమిదేళ్లప్పుడు వికారాబాద్ హాస్టల్లో సీటు దొరికింది. "ఒకరు సదువాలె, ఒకరు ఇల్లు సూడాలె" అన్నాడు నాన్న. నాకు అప్పటికే రొట్టె చేయడం వచ్చు కాబట్టి నేను ఉండిపోయాను. దాని రేకు పెట్టె సర్దింది కూడా నేనే. తాండూరు స్టేషన్లో బండి కదిలితే అది ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను. అది వెళ్లిపోతోందని ఏడుస్తున్నానని అందరూ అనుకున్నారు. సగం అదే. మిగతా సగం, ఆ పెట్టె నాది కాదని.

అరుణ నెలకొక కార్డు రాసేది. ఊళ్లో చదవగలిగింది మొగులప్ప ఒక్కడే. మా వాకిట్లో నిలబడి, మధ్య మధ్య నవ్వుకుంటూ పైకి చదివేవాడు. నా చెల్లెలి మాటలు నాకంటే ముందు ఆయనకు తెలుస్తున్నాయన్నది నేను ఓర్వలేకపోయాను. దాని పాత వాచకం తీసి, కార్డు పక్కన పెట్టుకొని, అక్షరానికి అక్షరం పోల్చుకుంటూ కూర్చునేదాన్ని. రెండేళ్లు పట్టింది. మూడో ఏడు వచ్చిన కార్డు మొగులప్ప చేతిలోంచి గుంజుకొని నేనే చదివాను. నా చదువు అంతా అక్కడ మొదలైంది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ పరీక్ష పెట్టలేదు.

అరుణ వచ్చేదాకా సాయంత్రాలు ఊరి పిల్లలకు కథలు చదివిపెట్టింది నేనే. మా అరుగు మీద కూర్చునేవాళ్లు. నన్ను 'చదువులవ్వ' అని పిలిచేవాళ్లు. అరుణ వచ్చిన నెలకు పిల్లలు లేచి, అదే అరుగు అవతలి కొసకు, దాని దగ్గరికి జరిగారు. లెక్కలు, ఇంగ్లీషు, భాగాహారం. నేను ఉత్త అవ్వనయ్యాను, అది మేడం అయింది. ఆ కొసకూ ఈ కొసకూ మధ్య ఏడడుగులు. లెక్కపెట్టి చెబుతున్నాను.

ఇక బడి సంగతి. పదకొండు మంది పిల్లలు, ఐదు తరగతులు, ఒక్క బీరన్న సారు. పిల్లలు తక్కువున్న బడులను దగ్గరున్న పెద్ద బడిలో కలుపుతారని జూన్‌లో మాట వచ్చింది. మమ్మల్ని కలపాలనుకున్న బడి, ఆఫీసు కాగితాల ప్రకారం తొమ్మిది వందల మీటర్ల దూరం. పటం మీద గీత గీస్తే అంతే. కాని రెండు ఊళ్ల మధ్య పాత బండల గని ఉంది. వానాకాలం అందులో ఇల్లు మునిగేంత నీళ్లు. పిల్లలు దాన్ని చుట్టుకొని లారీలు తిరిగే రోడ్డు మీద నడవాలి. ఇది చెబితే "రుజువేది" అన్నారట తాండూరు ఆఫీసులో.

రుజువు నేను చేశాను. జులై నెలలో బడి నడిచిన ప్రతి రోజూ ఆ దారి నడిచాను. చేతినిండా చింతగింజలు పట్టుకొని, వంద అడుగులకు ఒక గింజ కొంగులో వేసుకుంటూ. పోవడానికి యాభై రెండు గింజలు. ఎదురైన ప్రతి లారీకి నోటుబుక్కులో ఒక నిలువు గీత. వాన పడితే ఎక్కడెక్కడ మడుగు కట్టిందో, ఎక్కడ రోడ్డు దిగి ముళ్లలోకి జరగాల్సి వచ్చిందో, అన్నీ. పంతొమ్మిదో తేదీన ఒక లారీ గాలికి నా గొడుగు ఎగిరి గనిలో పడింది. అదీ రాశాను. రెండు రోజులు రుచిత నాతో నడిచింది. దాని కాళ్లకు ఎంతసేపు పట్టిందో విడిగా రాశాను. రోజూ సాయంత్రం బీరన్న సారు చూసి, పేజీ కింద సంతకం, తేదీ వేసేవాడు.

ఆగస్టులో అరుణ ఆ నోటుబుక్కు తీసుకుంది.

"నీ అక్షరాలు వాళ్లకు సమజ్ కావక్కా. నేను తేటగ ఎక్కిస్త. అసలుది కూడ తీస్కపోదాం, సారు సంతకాలున్నయి గద, గదే సాక్ష్యం."

మూడు రోజులు కూర్చొని ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించింది. అది స్నానానికి పోయినప్పుడు నేను ఆ కాగితాలు తీసి చదివాను. చివరి పేజీలో ఇలా ఉంది: 'సేకరణ: అరుణాదేవి, విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు. సహకారం: గ్రామస్థులు.'

ఆ ఆఖరి మాటను ఎన్నిసార్లు చదివానో. దాంట్లో నేనెక్కడున్నానో వెతికాను. మొగులమ్మ ఎంతో, మంచినీళ్ల ట్యాంకు దగ్గర కూర్చునే ముసలివాళ్లు ఎంతో, నేనూ అంతే. కాగితాలు ఉన్నట్టే పెట్టేశాను.

సంచి సర్దుతున్నప్పుడు నోటుబుక్కు చేతికి తగిలింది. పెట్టాను. పైన చీర పరిచాను. మళ్లీ చీర ఎత్తి తీశాను. బియ్యం డబ్బా వెనక పెట్టాను. నేను ఏం కోరుకున్నానో దాచను. బడి పోవాలని కాదు. అంతమంది ముందు అరుణ ఒక్క నిమిషం తడబడాలని. ఒక్క నిమిషం చాలు అనుకున్నాను. అరవై ఏళ్లలో దానికి ఆ ఒక్క నిమిషం కూడా రాలేదు కదా అనుకున్నాను.

ఆటో వచ్చింది. అరుణ సంచి భుజానికి వేసుకుంది.

"అన్నీ పెట్టినవా అక్కా?"

"పెట్టిన."

"నోటుబుక్కు?"

"పెట్టిన అంటి గద."

విప్పి చూసుకోలేదు. మా ఇంట్లో ఎవరూ చూసుకోరు. సర్దిన మనిషి మాటే మాట.

ఆటో కదిలి వేపచెట్టు మలుపు దాకా పోయేసరికి నేను వీధిలోకి దిగాను. పరుగెత్తి పిలిస్తే వినపడే దూరమే. నోరు తెరిచాను కూడా. బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు కదా, కీడు కదా అని మూసుకున్నాను. ఆ కీడు మాట నిజంగా నమ్మే ఆగానా, లేక ఆగడానికి అది సాకా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను.

సాయంత్రం రుచిత వచ్చింది.

"అవ్వా, మేడం గెలుస్తది గదా?"

"గెలుసుడేంది బిడ్డా, అది పందెమా?"

"మరి గెలువకుంటే నేను గా లారీల రోడ్డు మీద పోను. ఇంట్లనే ఉంట. మా అవ్వ కూడ ఇంట్లనే ఉండుమన్నది."

అది చాలా మామూలుగా చెప్పింది. రొట్టెల పీట ముందు కూర్చున్న పదకొండేళ్ల నేనే నాకు కళ్ల ముందు కనిపించాను.

తెల్లవారి మొదటి ఆటోకు తాండూరు పోయాను. కొంగులో గింజలు, చేతిసంచిలో నోటుబుక్కు. నాకోసం సంచి సర్దేవాళ్లు ఎవరూ లేరు. నేనే సర్దుకున్నాను, అందుకు దారంతా భయపడ్డాను. ఒంటరిగా రైలెక్కడం అదే మొదలు. రుక్మాపూర్, ధారూరు అని స్టేషన్ బోర్డులు చదువుకుంటూ కూర్చున్నాను. ఎవరికీ తెలియకుండా అరుణ చేతికి ఇవ్వాలి, సంచిలో నుంచి జారిపోయిందని చెప్పాలి, వెనక్కి వచ్చేయాలి. అదే నా లెక్క.

కలెక్టరేట్ హాలు నిండిపోయి ఉంది. నేను వెనక గోడకు ఆనుకొని నిలబడ్డాను. అరుణ ముందు నుంచి మూడో వరుసలో, గంధం రంగు చీరలో. మధ్యలో దాటడానికి సందు లేదు. ఎదురుగా బల్ల వెనక ఎమ్మెల్యేలు. మధ్యలో కూర్చున్న లావుపాటాయన అధ్యక్షుడు ధనరాజ్ గారని పేరు పలక చదివి తెలుసుకున్నాను. ఆయన పక్కన మల్లీశ్వరి గారని ఒక ఆడ ఎమ్మెల్యే. మూడు నిమిషాలు కాగానే ఒక గుమస్తా గంట కొడుతున్నాడు.

బొంరాస్‌పేట నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి అధ్యక్షుడికి, సభ్యులకు, అధికారులకు, మైకు పెట్టినవాళ్లకు కూడా నమస్కారాలు చెప్పుకుంటూ పోయాడు. గంట మోగింది.

"అయ్యో, నేనింక షురూనే చెయ్యలే!" అన్నాడు.

హాలంతా నవ్వింది.

"సరే, ఒక్క ముక్కల చెప్పు పెద్దమనిషీ" అన్నారు ధనరాజ్ గారు.

"మా బడిల లెక్కల సారు లేడు. రెండేండ్లాయె."

"మొదలు గిదే చెప్పొద్దా?"

పూడూరు నుంచి వచ్చిన ఒక తల్లి లేచింది. "సార్, మా బడి ముందట ఇంగ్లీష్ మీడియం అని బోర్డు రాసిన్రు. లోపల సారుకే ఇంగ్లీష్ రాకపాయె. నా కొడుకు ఇటు తెలుగు రాక, అటు ఇంగ్లీష్ రాక నడిమిట్ల ఉన్నడు."

ఎమ్మెల్యేలు వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. ఒకాయన సార్లకు శిక్షణ ఇవ్వాలన్నాడు. ఇంకొకాయన బడుల్లో మొదలు నీళ్లు, మరుగుదొడ్లు చూడమన్నాడు. తరువాత చిన్న బడుల మాట వచ్చింది.

"నేను బడులు మూపియ్యనీకె రాలేదు" అన్నారు ధనరాజ్ గారు. "కని సోంచాయించండి. పది మందికి ఐదు తరగతులు, ఒక్క సారు. ఆయనకు జరమొస్తే బడికే జరమొచ్చినట్టు. అందర్ని ఒక్కతాన జేసి తరగతికొక సారునిస్తే పోరగాళ్లకు మంచిదే గద?"

"మంచిదేనన్నా" అన్నారు మల్లీశ్వరి గారు. "కని దూరమైతే ముందుగాల ఇంట్ల కూసునేది ఆడపిల్ల. మొగపిల్లగానికి సైకిల్ కొంటరు."

"బస్సు వెడ్దాం."

"కాలేజీ పిల్లలకే బస్సు లేక పరేషానున్నరు. గీ చిన్న పిల్లలకు వెడ్తవా?"

ఆయన నవ్వి, గడ్డం గోక్కున్నారు. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది. మంచి చదువు దూరంలో ఉంటే వదలాలా, దగ్గరున్న కొంచెం చదువుతో సరిపెట్టుకోవాలా? మా నాన్న అయితే ఒక్క క్షణంలో తేల్చేవాడు.

అరుణను పిలిచారు.

అది లేచి మాట్లాడుతుంటే హాలు నిశ్శబ్దమైంది. గొంతు ఎక్కడా పెరగలేదు, తగ్గలేదు. గని, లారీలు, మడుగులు, యాభై రెండు వందల అడుగులు, గనిలో పడ్డ గొడుగు. అన్నీ నావే. నా మాటలు దాని నోట ఎంత బాగున్నాయో వింటుంటే కళ్లు మండాయి. మల్లీశ్వరి గారు ముందుకు వంగి వింటున్నారు. తేట కాగితాలు బల్ల మీదికి పోయాయి.

ధనరాజ్ గారి వెనక కూర్చున్న ఒక అధికారి వంగి చెప్పాడు. "సార్, మా రికార్డుల తొమ్మిది వందల మీటర్లే ఉన్నది. ఇట్ల తేటగ ఎవరైన రాసుకరావచ్చు."

"అసలు నోటుబుక్కు ఉన్నది సార్" అంది అరుణ. "బడి సారు రోజూ చూసి సంతకం వెట్టిండు." సంచి తెరిచింది. పాత చీర తీసింది. రొట్టెల మూట తీసింది. సాహిత్యకు ఇంకా ఇవ్వని కందిపప్పు ప్యాకెట్ బల్ల మీద పెట్టింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అరుణ తడబడడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడడం. నేను కోరుకున్న నిమిషం అదే. అది వచ్చింది. నేను కదల్లేదు.

"ఇదంత మీరే లెక్కవెట్టిన్రా మేడం?" అని అడిగారు ధనరాజ్ గారు.

అరుణ సంచిలోంచి తలెత్తకుండానే అంది: "మా ఊరోళ్లందరం కలిసి..."

అంతే. కాళ్లు వాటంతటవే ముందుకు నడిచాయి. జనం దారిచ్చారు.

"నా తాన ఉన్నది" అన్నాను.

అందరూ తిరిగి చూశారు. అరుణ నన్ను చూసి, నా చేతిలోని నల్ల అట్టను చూసింది.

"నువ్వెవరవ్వా?" అన్నారు ధనరాజ్ గారు.

"గది రాసినదాన్ని. నడిచింది నేను, లెక్కవెట్టింది నేను. గా తేట కాయితంల నా పేరు లేదు."

"మరి మేడం?"

"ఆమె సూసి ఎక్కించింది."

ఒకరిద్దరు 'అబ్బో' అన్నారు. మల్లీశ్వరి గారు నోటుబుక్కు తీసుకొని పేజీలు తిప్పారు. నా వంకర అక్షరాలు, నిలువు గీతలు, వాన చుక్కలకు అలుక్కున్న సిరా, కింద బీరన్న సారు సంతకాలు. ఎట్లా లెక్కపెట్టావని అడిగితే కొంగు విప్పి గింజలు బల్ల మీద పోశాను. ఎవరు చదువు చెప్పారని అడిగితే ఎవరూ చెప్పలేదన్నాను. హాల్లో చప్పట్లు మోగాయి. ఫోటోలు తీశారు. ధనరాజ్ గారు ఆ అధికారి వైపు తిరిగి, "గీ అవ్వ నడవంగ లేంది, మీరు మోటర్ సైకిల్ మీద పోయి కొలవనీకె ఏమాయె?" అన్నారు. మళ్లీ చప్పట్లు.

అప్పుడే మల్లీశ్వరి గారు నవ్వుతూ అడిగారు. "మరి మేడం సంచిల ఉండాల్సింది నీ తానికెట్ల వచ్చిందవ్వా?"

అరుణ నా ముఖంలోకి చూస్తోంది.

"ఇంట్ల మరిచిపోయి వచ్చింది" అన్నాను.

జిరాక్సు తీసుకొని నోటుబుక్కు తిరిగి ఇచ్చారు. అరుణ చీర, రొట్టెలు, కందిపప్పు మళ్లీ సంచిలో పెట్టుకుంది. తనే పెట్టుకుంది. నేను చేయి సాచాను, సంచి పక్కకు జరిపింది.

బయట మెట్ల మీద ఇద్దరమే మిగిలాం.

"నేను మరిచిపోయిన్నా అక్కా?"

నేను నోటుబుక్కు చేతిసంచిలో పెట్టుకున్నాను.

"పెట్టిన అన్నవు. రెండు సార్లు అడిగిన."

"గ్రామస్థులని రాసినవు" అన్నాను. "నేను గ్రామస్థులనా?"

"మాట్లాడేటోళ్ల పేరు మీదనే కాయితం ఇయ్యాలన్నరు ఆఫీసుల. నీ పేరు నోటితోని చెప్తుంటి. ఆఖర్ల చెప్దామనుకున్న, మా అక్క బడి మెట్టు ఎక్కనిది, గిది మా అక్క పని అని."

"ఇప్పుడంటున్నవు."

"ఇప్పుడే అంటున్న. నువ్వు ఆగితివా?" దాని గొంతు అప్పుడు పెరిగింది. "అందరు నన్ను చూసి కుళ్లుకున్నా నేను పట్టించుకోలే. నువ్వు మాత్రం ఎందుకే? నీకు అమ్మ ఉన్నది. రోజూ తల దువ్వింది. హాస్టల్ల నాకు పేన్లు పడితే గుండు గీకిచ్చిన్రు. సెలవులకు ఇంటికొస్తే నీ జడ పట్టుకొని పండుకునేదాన్ని, యాదికుందా? నీ జడ కోసుకపోదామనిపించేది."

నాకు యాదికుంది. అది చెల్లెలి ముద్దు అనుకున్నాను ఇన్నేళ్లూ.

"ఇంటికి పోదాం పా అరుణా" అన్నాను.

సాహిత్య స్కూటీ మీద వచ్చి ఆగింది. అరుణ సంచి ఒళ్లో పెట్టుకొని ఎక్కింది.

"నువ్వు పో అక్కా, బండి టైమయితది. ఇగ నా సంచి నేనే సర్దుకుంట."

మా అమ్మ చెప్పిన మాట దానికీ తెలుసు. తెలిసే అంది.

తిరుగు రైల్లో, ఆఖర్ల చెప్దామనుకున్నానన్న దాని మాట ధారూరు దాకా నమ్మాను. ధారూరు దాటాక నమ్మలేదు. ఇప్పటికీ అట్లానే ఉంది. కొన్ని రోజులు నమ్ముతాను, కొన్ని రోజులు నమ్మను.

పేపర్లో నా ఫోటో వచ్చింది. నోటుబుక్కు పట్టుకొని నేను, పక్కన గంధం రంగు కొంగు ఒక్కటి. కత్తిరించి దాచుకున్నాను. సంతోషపడలేదని అబద్ధం చెప్పను. రెండు రోజులు పడ్డాను. సెప్టెంబరులో ఆఫీసువాళ్లు వచ్చి రోడ్డు కొలిచారు. మూడు కిలోమీటర్లకు కొంచెం పైనే తేలింది. మా బడిని కలపబోమని కాగితం వచ్చింది. బీరన్న సారు మిఠాయి పంచాడు. మొగులమ్మ నాకు బొట్టు పెట్టి, "ఇన్ని దినాలు నీలో గింత ఇషయమున్నదని తెల్వకపాయె" అంది.

పిల్లలు మళ్లీ అరుగు మీద నా కొసకు వచ్చారు. కథలు చదివాను. వారం పోయాక రుచిత పలక ముందు పెట్టింది.

"అవ్వా, గీ భాగాహారం చెప్పు."

"నాకు రాదు బిడ్డా."

"మరి మేడం ఎప్పుడొస్తది?"

"వస్తది."

ఫోన్ చేస్తే సాహిత్యే ఎత్తేది. "అమ్మ బాగనే ఉన్నది పెద్దమ్మా, పండుకున్నది" అనేది. ఏ పూట చేసినా పండుకునే ఉండేది.

అక్టోబరులో సాహిత్య ఒక్కతే వచ్చింది, చేతిలో చీటీ పట్టుకొని. చీటీలో అరుణ అక్షరాలు, ముత్యాల్లాగే. చీరలు ఎన్ని, పుస్తకాలు ఏవి, అద్దం, గోడ గడియారం.

"ఇటియ్యి, నేను సర్దుత" అన్నాను.

సాహిత్య తల దించుకుంది. "నిన్ను సర్దనియ్యొద్దని చెప్పి పంపింది పెద్దమ్మా."

ఆ పిల్ల సర్దుతుంటే నేను అరుగు మీద కూర్చున్నాను. ఆమె నీళ్లు తాగడానికి లోపలికి పోయినప్పుడు లేచి, బియ్యం డబ్బా వెనక నుంచి నల్ల అట్ట నోటుబుక్కు తీసి, చీరల మడతలో పెట్టాను. సాహిత్య తిరిగొచ్చి చీటీతో సరిచూసుకుంది. నోటుబుక్కు తీసి, అటూ ఇటూ చూసి, నా పక్కన పెట్టింది.

"ఇది చీటీల లేదు పెద్దమ్మా."

ఆటో మలుపు తిరిగేదాకా చూశాను. ఈసారి పిలవాలనుకున్నా పిలవడానికి లోపల అరుణ లేదు.

మరుసటి జూన్‌లో తాండూరు నుంచి పసుపు రంగు బడి వ్యాన్ ఊళ్లోకి రావడం మొదలుపెట్టింది. లెక్కలు, ఇంగ్లీషు చెప్పేవాళ్లు ఇక్కడ లేరని ఒక్కొక్కరే పిల్లల్ని అందులో ఎక్కించారు. రుచితను కూడా ఎక్కించారు. దాని సంచి మొగులమ్మ సర్దింది. మా బడి అక్కడే ఉంది, దాన్ని ఎవరూ కలపలేదు. పిల్లలు ముగ్గురున్నారు.

నా చెల్లెలు అరుణాదేవి బండమీదిపల్లెకు తిరిగి రాలేదు. ఈ గుమ్మం దాటింది 2024 ఆగస్టు 21, బుధవారం, పొద్దున పది గంటలకు.